భద్రాచలం నుంచి రాజమండ్రికి: తెడ్డు పట్టేముందు తిరగేసిన చరిత్ర

మన సంఘం స్వర్ణోత్సవాలకు గుర్తుగా భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి మీద కయాక్‌లు నడుపుకుంటూ రావాలని 1998 బ్యాచ్ తమ్ముళ్ళు నలుగురు అనుకున్నారు. సంఘం సమావేశంలో ఆ మాట చెప్పి, "మాస్టారూ, దారి మీరు రాసివ్వాలి" అన్నారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడికి నీళ్ళ మీద దారులేం తెలుస్తాయన్నాను. "మీ నాన్నగారు లాంచీ సరంగు కదండీ" అన్నారు. ఇక తప్పించుకోవడానికి లేకపోయింది.

దారి రాయడమంటే ఒక కాగితం పని అనుకుని కూర్చున్నాను. నాలుగు నెలలు పట్టింది. ఇదే దారికి నూటయాభై ఏళ్ళ కిందటే ఒకాయన పెద్ద ప్లాను వేశాడు. ఆ కథ, దాని వెంట వచ్చిన మరికొన్ని కథలు మన సంచికలో ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

ఏమిటీ కయాక్?

మన కోనసీమ వాళ్ళకి తాటిదోనె తెలుసు. కయాక్ దానికి దూరపు చుట్టం. ఉత్తర ధ్రువం దగ్గర మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్ జాతివాళ్ళు సీలు చర్మాన్ని కర్ర చట్రానికి బిగించి వేటకోసం చేసుకున్న సన్నని పడవ అది. మనిషి కాళ్ళు చాపుకుని లోపల కూర్చుంటాడు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుని కుడికీ ఎడమకీ మార్చి మార్చి వేస్తాడు. ఇప్పుడు ప్లాస్టిక్‌తోనూ ఫైబర్‌తోనూ చేస్తున్నారు. నిలకడ నీటిలో గంటకి ఐదారు కిలోమీటర్లు పోతుంది. రోజుకి 30 కిలోమీటర్లు హాయిగా వెయ్యొచ్చు.

కేంద్రప్రభుత్వం 2008లో ప్రకటించిన నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి పొడవు 171 కిలోమీటర్లు. 30తో భాగిస్తే ఆరు రోజులు. లెక్క ఇంత సులువుగా తేలేసరికి తమ్ముళ్ళు సంబరపడిపోయారు. నాకు మాత్రం హేగ్ గుర్తొచ్చాడు.

హేగ్ దొర వేసిన ప్లాను

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని, కట్టించినవాడు ఆర్థర్ కాటన్ అని మన బడిలో చదివిన ప్రతివాడికీ తెలుసు. కాటన్ దొరకి సాగునీరు ఎంత ముఖ్యమో, నీళ్ళ మీద రవాణా అంత ముఖ్యమని మాత్రం మనం అంతగా చెప్పుకోం. రైలు కంటే పడవ చవకని ఆయన జీవితాంతం వాదించాడు. డెల్టా కాలువలకి లాకులు కట్టించింది అందుకే. ఆ కాలువల మీదుగా కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ దాటి, కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా పడవలో పోగలిగిన రోజులుండేవి.

కాలువలు సరే, అసలు నది మాటేమిటి? ఆ ప్రశ్నకి జవాబు వెతికినవాడు కాటన్ దగ్గర పనిచేసిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్. 1853లో నిజాం నుంచి బీరారు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. బీరారు అంటే పత్తి. ఆ పత్తి వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో దిగి సముద్రం చేరితే ఖర్చు ఎంతో తగ్గుతుంది. 1850ల్లో హేగ్ నదిని సర్వే చేసి, దారిలో మూడు పెద్ద అడ్డంకులున్నాయని తేల్చాడు. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇచ్చంపల్లి దగ్గర. మూడోది ఇంకా పైన ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ఈ మూడుచోట్లా నది అడుగంతా రాళ్ళు. వరదలో సుడులు, వేసవిలో మోకాలి లోతు.

అడ్డంకి ఉన్న ప్రతిచోటా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవలు ఎక్కించాలన్నది ప్లాను. దానికోసం రాజకీయాలు కూడా నడిచాయి. 1860లో నిజాంతో కుదిరిన ఒప్పందంలో గోదావరి ఎడమగట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకి వచ్చాయి. నది మీద రాకపోకలకి సుంకం ఉండకూడదని కూడా రాసుకున్నారు. సిరోంచ ముఖ్యపట్టణంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ కూడా పథకాన్ని వెనకేసుకొచ్చాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఇంగ్లండుకి రావడం ఆగిపోయేసరికి బీరారు పత్తికి రెక్కలొచ్చాయి. హేగ్ పనికి అంతకంటే మంచి అదును దొరకదు.

అదును దొరికింది గానీ పని సాగలేదు. అడవిలో కూలీలు దొరికేవారు కాదు. దొరికినవాళ్ళు చలిజ్వరాలతో పడకేసేవారు. ఏడాదిలో పనికి పనికొచ్చే నెలలు తక్కువ. ఇంతలో 1865కి అమెరికా యుద్ధం అయిపోయింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. బీరారు పత్తి రైలెక్కి పడమటికి పోయింది. 1871లో ప్రభుత్వం గోదావరి పథకాన్ని ఆపేసింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిశాయి. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది. పర్ణశాల చూడ్డానికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. అది మన పొలాలకి నీళ్ళివ్వడానికి కట్టింది కాదు, పత్తి పడవల కోసం కట్టిందని తెలిసినవాళ్ళు తక్కువ.

క్లాసులో హేగ్ కథ చెప్పినప్పుడల్లా దీన్ని ఓటమి కథగానే చెప్పేవాణ్ణి. ఈసారి దారి రాయడానికి కూర్చున్నాక ఇంకోలా కనిపించింది. నీళ్ళ గురించి హేగ్ వేసిన లెక్క తప్పలేదు. ఆయన చెప్పిన రాళ్ళు చెప్పినచోటే ఉన్నాయి. తప్పింది ఒడ్డున జరిగేదాని లెక్క. నది మీద ప్రయాణం పెట్టుకున్నవాడు నీళ్ళ లెక్క ఒక్కటే చూసుకుంటే చాలదు. ఒడ్డున ఎవరున్నారు, ఏం మారుతోంది అన్నది కూడా చూసుకోవాలి. ఈ మాట మా తమ్ముళ్ళకి చెప్పాను. అది నాకే ఎదురొస్తుందని అప్పుడు అనుకోలేదు.

లాంచీల కాలం

హేగ్ పథకం ఆగినా గోదావరి మీద పడవలు ఆగలేదు. పై అడవుల నుంచి వెదురు, కలప తెప్పలుగా కట్టి రాజమండ్రికి దింపేవారు. తెరచాప పడవలు ఉప్పు, బియ్యం, కిరసనాయిలు పైకి తీసుకెళ్ళి చింతపండు, కరక్కాయ కిందికి తెచ్చేవి. తర్వాత లాంచీలు వచ్చాయి. రోడ్డులేని ఊళ్ళకి లాంచీయే బస్సు, లాంచీయే పోస్టు, పురుటినొప్పులొస్తే లాంచీయే అంబులెన్సు.

మా నాన్న ఆ లాంచీల మీదే పనిచేశారు. కళాసీగా చేరి సరంగు అయ్యారు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళే జనంతో లాంచీ కిటకిటలాడేది. వేసవి సెలవుల్లో నన్ను రెండుమూడుసార్లు వెంట తీసుకెళ్ళారు. చుక్కాని దగ్గర నిలబడి ఆయన నీళ్ళకేసి చూసేవారే కాదు, ఎప్పుడూ గట్టుకేసే చూస్తుండేవారు. అదేమిటని అడిగితే, "నీళ్ళు ఏటేటా మారతాయిరా. గట్టు మీద చింతచెట్టు మారదు. గుడి గోపురం మారదు. వాటిని బట్టే కింద రాయెక్కడుందో గుర్తుపెట్టుకోవాలి" అనేవారు. ఏ రేవుకి ఏ చెట్టు గుర్తో, ఏ మలుపులో ఏ గుడి కనబడగానే లాంచీని ఎడమకి తిప్పాలో ఆయనకి కంఠతా వచ్చు. కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. ఆయనకి రాయడం రాదు. నాకు రాయడం వచ్చు గానీ, అడగాలన్న బుద్ధి ఆయన ఉన్నన్నాళ్ళూ పుట్టలేదు.

1973లో 'అందాల రాముడు' వచ్చినప్పుడు మేం హైస్కూల్లో ఉన్నాం. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ప్రయాణమే ఆ సినిమా కథ. మా క్లాసంతా వెళ్ళి చూశాం. అందరూ సినిమా చూస్తుంటే నేనూ, నా పక్కన కూర్చున్న దేవీపట్నం వైపు కుర్రాడూ రేవుల పేర్లు పందెం వేసుకుని చెప్పుకున్నాం. వాడు మన హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. సెలవులకి మా నాన్న లాంచీలోనే ఇంటికి పోయేవాడు. పందెంలో ఎప్పుడూ వాడే గెలిచేవాడు.

నెలలూ నీళ్ళూ

ఇక అసలు పని. ప్రయాణం ఏ నెలలో? తమ్ముళ్ళు స్వర్ణోత్సవ వారంలోనే, అంటే ఆగస్టులోనే రావాలన్నారు. జనం రేవులో నిలబడి స్వాగతం చెప్తుంటే దిగాలని వాళ్ళ సరదా. నేను కుదరదన్నాను.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. అది వందేళ్ళకోసారి వచ్చేదిలే అనుకుంటుండగా 2022లో, అదీ జూలైలోనే, 71.3 అడుగులు వచ్చింది. వరద ఉన్నప్పుడు పాపికొండల మధ్య నది తీరు వేరు. రాజమండ్రి దగ్గర వెడల్పు కిలోమీటర్లలో ఉండే గోదావరి అక్కడ కొన్ని వందల మీటర్లకి కుదించుకుపోతుంది. అన్ని నీళ్ళూ ఆ సందులోంచే దిగాలి. అందుకే లోతు, అందుకే సుడులు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదులమంది ప్రాణాలు పోయిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. అప్పుడు నదిలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద ఉంది. ఆ బోటుని పైకి తీయడానికే ఐదు వారాలకి పైగా పట్టింది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనప తాళ్ళు, లంగర్లు వేసి చివరికి ఒడ్డుకి లాగింది. పెద్ద ఇంజనున్న బోటుకే దిక్కులేనిచోట, నాలుగు మూరల తెడ్డు పట్టుకుని దిగుతామంటే దాన్ని సాహసం అనరు.

తమ్ముళ్ళు కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు. సంక్రాంతి వెళ్ళిన తర్వాత, జనవరి చివర్లో. అప్పటికి వరద ఉండదు, ఎండా ముదరదు. ప్రవాహం మందగించి ఉంటుంది కాబట్టి నది మోసుకుపోతుందన్న ఆశ వదిలేసి, తెడ్డు మీదే ఆధారపడాలి. తెల్లారగట్ల మంచు విడిచాక బయలుదేరడం, మధ్యాహ్నం గాలి లేవకముందే రోజు పనిలో ముప్పాతిక వంతు అయిపోవడం. ప్రతివాడికీ లైఫ్ జాకెట్టు, ఈత వచ్చినా రాకపోయినా. వెనకాల ఇంజను పడవ ఒకటి, అందులో తాగునీళ్ళు, మందులు, ఇద్దరు ముసలాళ్ళు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. పోలీసు, అటవీ, జలవనరుల శాఖల అనుమతి లేకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం, అడవిలో రాత్రి గుడారం వేస్తామంటే కుదరదు. పోలవరం స్పిల్‌వే దగ్గర కయాక్‌లు దిగవు. ఎగువనే ఒడ్డుకి చేర్చి, ట్రాక్టరు మీద మోయించుకుని, దిగువన మళ్ళీ నీళ్ళలో వేసుకోవాలి.

నైలు నది చెప్పిన పాఠం

ఇలాంటి ప్రయాణాలు లోకంలో ఎవరెవరు చేశారో కూడా చూశాను. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మనీ కుర్రాడు పనిలేక, మడతపెట్టే కయాక్ ఒకటి వేసుకుని ఉల్మ్ పట్నం దగ్గర డాన్యూబ్ నదిలో దిగాడు. సైప్రస్‌లో రాగి గనుల్లో పని దొరుకుతుందేమోనని బయల్దేరినవాడు ఆగలేదు. యూఫ్రటీస్ నది దిగి, మన దేశపు తీరం చుట్టి, మద్రాసు, కలకత్తాల మీదుగా బర్మా వైపు పోయి, 1939లో ఆస్ట్రేలియా గడ్డ మీద కాలుపెట్టాడు. అప్పటికి యుద్ధం మొదలైంది. ఏడేళ్ళు తెడ్డు వేసి వచ్చినవాణ్ణి శత్రుదేశస్థుడని పట్టుకుని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆ మనిషి మన కోస్తా పక్కనుంచే పోయి ఉంటాడని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం నైలు నది. 1950లో జాన్ గొడార్డ్ అనే అమెరికన్ ఇద్దరు ఫ్రెంచి మిత్రులతో కలిసి నైలు పుట్టినచోటు నుంచి మధ్యధరా సముద్రం దాకా కయాక్‌లలో బయలుదేరాడు. ఆరున్నర వేల కిలోమీటర్లకి పైగా దూరం, తొమ్మిది నెలలు. దారిలో నూబియా ప్రాంతం వస్తుంది. ఖర్జూరపు తోటల మధ్య వాదీ హల్ఫా అనే ఊరుండేది. 1960లో అస్వాన్ హైడ్యాం పని మొదలైంది. 1964 నుంచి నీళ్ళు నిలవడంతో పాత వాదీ హల్ఫా మునిగిపోయింది. వేలాది నూబియన్ కుటుంబాలు ఇళ్ళు వదిలి వందల కిలోమీటర్ల దూరం పోయాయి. అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి ఎత్తైనచోట తిరిగి నిలబెట్టారు. ఊళ్ళని అలా కోసి నిలబెట్టడం ఎవరివల్లా కాలేదు. గొడార్డ్ నడిచిన దారిలో ఇవాళ ఎవరైనా పోవాలంటే అక్కడ నది లేదు, సరస్సు ఉంది.

ఇది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నాలుగో రాత్రి ఎక్కడ?

ఆరు రోజుల ప్రయాణంలో ఐదు రాత్రుల మజిలీ రాయాలి. మొదటి రాత్రి భద్రాచలానికీ కూనవరానికీ నడుమ. రెండో రాత్రి శబరి వచ్చి కలిసే కూనవరంలో. మూడో రాత్రి పోచవరం దగ్గర. ఐదో రాత్రి పట్టిసీమలో, వీరేశ్వరస్వామి గుడి ఎదురుగా. ఆరో రోజు సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్. నాలుగో రాత్రికి దేవీపట్నం అని రాశాను. చెయ్యి అలవాటుగా రాసేసింది. మా నాన్న లాంచీ రాత్రి అక్కడే ఆగేది.

కాగితం ఒకసారి చూడమని నా పాత హాస్టల్ మిత్రుడికి పంపాను, రేవుల పందెంలో గెలిచేవాడికి. ఇప్పుడు వాడుండేది పునరావాస కాలనీలో. పోలవరం కాఫర్‌డ్యాం కట్టి, 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించినప్పటి నుంచి వరదొస్తే ఆ ఊళ్ళలోకి నీళ్ళు. దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వాడి ఊరూ అందులో ఉంది. పొద్దున్నే ఫోను చేశాడు.

"నాలుగో రాత్రి దేవీపట్నమన్నావు. ఎవరింట్లో పడుకుంటార్రా?" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను.

"డ్యాం పూర్తిగా నిండితే మా ఇంటి మీదుగానే తెడ్డు వేసుకుంటూ పోతారన్నమాట" అని తనే నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

డ్యాం వద్దని నేననడం లేదు. నీళ్ళు కావలసిన పొలాలు ఉన్నాయి, వాటి మీద బతికే మన బడి పిల్లలూ ఉన్నారు. కాటన్ ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగినవాళ్ళం. ఆ మాట వాడే ముందన్నాడు. "పోయిందానికి ఏడవడం లేదురా. మా రేవు పేరు ఎక్కడా రాసిలేదు. అదొక్కటే బాధ" అన్నాడు. హేగ్ గురించి నేను తమ్ముళ్ళకి చెప్పిన మాట గుర్తొచ్చింది. నీళ్ళ లెక్క చూసుకున్నాను. ఒడ్డు లెక్క మరిచిపోయాను.

మార్చిన ప్లాను

దారి కాగితం మళ్ళీ రాశాను. నాలుగో రాత్రి ఇప్పుడు గట్టు మీద కాదు. ఆ సాయంత్రం అందరూ ఒడ్డుకి చేరి, ఆటోల్లో పునరావాస కాలనీకి వెళ్ళి, వాడింట్లో భోంచేసి, అక్కడే పడుకుని, తెల్లారి తిరిగి నదికి వస్తారు. ఇంజను పడవలో రెండో ముసలాడు వాడే. భద్రాచలం నుంచి కిందికి వచ్చేటప్పుడు ప్రతి పాతరేవు దగ్గరా కయాక్‌లు ఆగుతాయి. వాడు పేరు చెబుతాడు. ఏ చెట్టు గుర్తో, ఏ గుడి గుర్తో, అక్కడ లాంచీ ఎక్కేవాళ్ళెవరో చెబుతాడు. నేను రాసుకుంటాను. తమ్ముళ్ళలో ఒకడు ఆ చోటుని ఫోనులో గుర్తుపెడతాడు. దీనివల్ల ఆరు రోజుల ప్రయాణం ఎనిమిది రోజులవుతుంది. తమ్ముళ్ళు ఒక్కరూ కాదనలేదు.

హేగ్ సర్వే చేసినప్పుడు నది లోతులు కొలిపించాడు, రాళ్ళు లెక్కపెట్టించాడు. అవి రికార్డుల్లో ఉన్నాయి. ఒడ్డున రేవుల్లో నిలబడి ఆ దొర పడవని చూసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మా నాన్నకి కంఠతా వచ్చిన దారి ఆయనతోనే పోయింది. మిగిలిన ఒకరిద్దరి దగ్గరున్నదైనా ఈసారి కాగితం మీదికి రావాలి.

మన బడిలో చదివినవాళ్ళలో కూనవరం, వేలేరుపాడు, దేవీపట్నం, పోలవరం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ నా విన్నపం ఒక్కటే. మీ ఊరి రేవు పేరు, అక్కడ గుర్తుగా ఉన్న చెట్టో గుడో, లాంచీ వచ్చే వేళ, మీకు జ్ఞాపకమున్నంత ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసుకి పంపండి. అక్షరాలు బాగాలేకపోయినా ఫరవాలేదు, ఇప్పుడు మార్కులు తగ్గించను. మీ అమ్మానాన్నలు ఉంటే ముందు వాళ్ళని అడగండి. ఆ పని నేను చెయ్యలేకపోయాను.

జనవరి చివరి వారంలో రాజమండ్రి పుష్కర ఘాట్‌కి నాలుగు కయాక్‌లు, ఒక ఇంజను పడవ వస్తాయి. రాగలిగినవాళ్ళు రండి. పడవ దిగేటప్పుడు నా చేతిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. మీ రేవు పేరు అందులో ఉందో లేదో చూసుకుని, లేకపోతే అక్కడే నిలబెట్టి రాయించండి.